పాతరల పొడిసిన సలాక

కొత్తగ నౌకరీల చేరిన పిల్లలు మా ఇంటికొస్తే ఛాయ్ తాగుకుంట ఒకటే అడుగుతరు, "సార్, మీ సర్వీసుల ఎన్ని బర్రెలను బతికిచ్చిన్రు?" అని. నాకు నవ్వొస్తది. బతికినవి ఏవీ వచ్చి నాకు దండం పెట్టలే, నేను లెక్క రాసుకోలే. గని నా నోటి దురుసుకు అంగడికి పోయిన బర్రె ఒకటుంది. దాని ఎడమ కొమ్ము ఎంత వంకరుండెనో సుత నాకు ఇప్పటికీ యాదికుంది. ఆ ముచ్చట చెప్త, ఇనుండ్రి. మీకు పనికొస్తే సంతోషం. పనికి రాకున్నా చెప్త, ఎందుకంటే ఇన్నేండ్లు కడుపుల పెట్టుకోని తిరుగుడు నాతోని అయితలేదు.

నేను జహీరాబాద్ దిక్కు పశువుల దవాఖానల లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌గ చేసిన. డాక్టర్ సార్ కంటె కింద, అటెండర్ కంటె మీద. సూదులేసుడు, గొర్లకు మందు తాపుడు, మేత గురించి రైతులకు చెప్పుడు నా పని. ఊర్లల్ల నన్ను "పశువుల సారు" అంటుండె. ఆ పిలుపు నాకు మస్తు ఇష్టం. ఇష్టం ఎక్కువైతే మనిషికి ఏమయితదో ముందుకు చెప్త.

ఆ ఏడు వానలు మోసం చేసినయ్. జొన్న మోకాలెత్తుకే కంకి ఏసి ఎండింది. సొప్ప సగం సుత రాలే. దసరా ఎల్లంగనే జనం పశువులను అంగడికి తోలుడు షురూ చేసిన్రు. ఎండకాలం మేపలేక అమ్ముకునేటోళ్లే అందరు. కొనేటోడు తక్కువ, అమ్మేటోడు ఎక్కువ.

ఇంకొక దిక్కు బోర్లున్నోళ్ల చేన్లల్ల చెరుకు కొడ్తున్నరు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలోళ్లు గడ కొట్టి, మీది పచ్చాకు మొవ్వను నరికి పక్కకు పారేస్తరు. కొట్టిన ఆ నాలుగు రోజులు పశువులు తింటయ్. మిగిలింది ఎండుతది. ఎండినంక చేను సాఫ్ గావాలని అగ్గి పెడ్తరు. మొగుడంపల్లి తొవ్వల బండి మీద పోతుంటే ఒక దిక్కు ఆ పొగ, ఒక దిక్కు అంగడికి పోయే బర్రెలు. చూస్తే నాకు కడుపుల మండుతుండె.

అప్పుడు అనుకున్న, ఈ మొవ్వను ఎండిపోనియ్యొద్దు, పాతర పెట్టాలె అని. పాతర గడ్డి అంటే మీకు తెల్సిందే. పచ్చి మేతను అంగుళం ముక్కలు కొట్టి, గుంతల పొరలు పొరలుగ ఏసి తొక్కి, బెల్లం నీళ్లు, ఉప్పు చల్లి, గాలి సొరకుంట మూసిపెడ్తే నలభై ఐదు రోజులకు ఊరుతది. పుల్లగ, మెత్తగ అయితది. మూత కదలకుంటె ఎండకాలమంత ఉంటది. గాలి సొచ్చిందా, ఖతం. కుళ్లిపోతది, తిన్న బర్రె పడ్తది.

అయితే ఎవరి జాగల పెట్టాలె? ఎవర్ని అడిగినా "సూద్దాం సారు" అన్నరు. చివరికి ఒక ఊర్ల ఒక అక్క ఒప్పుకున్నది. నా కంటె నాలుగేండ్లు పెద్దదేమో. మొగడు పోయిండు. ఒక ఎకరం చెల్క, అత్త, ఒక బర్రె, గంతే ఆమె సంసారం. ఆ బర్రె పాలు చిరాగ్‌పల్లి కాడ హైవే మీద ఉన్న ఛాయ్ హోటల్‌కు పోతుండె. ఆ పాలతోనే ఇల్లు నడుస్తుండె. బర్రె అప్పుడు ఎండిపోయి, కడుపుతోని ఉన్నది. ఎండకాలం ఆఖరుకు ఈనుతది. గని ఈనెదాక ఏం పెట్టాలె? అంగడిల అమ్ముత అని తాడు సుత కొత్తది కొనుక్కున్నది ఆమె.

"అమ్మకు అక్క," అన్న. "వానలు పడెదాక దీని మేత ఫికర్ నాది. పాతరకు జాగ ఇయ్యి. నాది జబాన్."

"జబాన్ అంటే మాట గదా సారు?"

"మాటే."

"మాట తప్పితే?"

"తప్పితే నన్ను అడుగు."

"సరే, అడుగుత," అన్నది. తాడు తీస్కపోయి దూలానికి చెక్కింది.

ఇంటెనక చెల్కల పన్నెండిండ్లోళ్లు కలిసి గుంత తవ్విన్రు. దవాఖాన నుంచి సొప్ప కొట్టే మిషన్ తెచ్చిన. మూడు రోజులు మిషన్ ఆగలే. మొవ్వ ట్రాక్టర్లల్ల వచ్చుడు, మేము ముక్కలు కొట్టుడు, ఆడోళ్లు గుంతల దిగి తొక్కుడు. ఆ అక్క అత్త డెబ్బై ఏండ్ల ముసలామె, వద్దన్నా దిగింది. ఒక చేత్తోని కోడలి భుజం పట్టుకోని తొక్కుకుంట అన్నది, "గిది మా జొన్నల పాతర లెక్కనే ఉన్నది గద బిడ్డ. మా కాలంల జొన్నలు ఎన్ని పాతరలేసినం! తీసుడు, మూసుడు నాకెరుకే."

"జొన్నల పాతర వేరే అవ్వ, గిది సైన్స్," అన్న నేను. పెద్ద మొగోని లెక్క అన్న. ముసలామె తొక్కుకుంట పోయింది.

మీద టార్పాలిన్ కప్పి, జానెడు మన్ను పోసి, పెండ మట్టితోని అలికినం. ముట్టుకోవద్దు, తెరవొద్దు, పిల్లలను సుత దాని మీద ఎక్కనియ్యొద్దు అని అందరికి గట్టిగ చెప్పిన.

ఇగ నా సలాక గురించి చెప్పాలె.

ఎప్పుడో ట్రైనింగ్‌ల ఒక సార్ పాతరల ఇనుప సలాక గుచ్చి, తీసి, పట్టుకోని చూపిచ్చిండు. లోపల వేడి ఎంతున్నదో గట్ల తెలుస్తది అన్నడు. మొదటి వారం ఒకసారి చూస్తే చాలన్నడు. ఆ "ఒకసారి" అన్న మాట నా చెవుల పడలే. జహీరాబాద్‌ల కమ్మరాయన తోని వేలంత లావు, రొమ్మెత్తు సలాక చేపిచ్చుకున్న. మొనదేలిచ్చి, పైన పట్టుకునేటందుకు కడెం. బండికి కట్టుకోని వారానికొకసారి పోదును. బండి ఆపే తొవ్వ పక్కనే గుచ్చుదును, తీసి అరచెయ్యి పెట్టి చూద్దును, వాసన చూద్దును, తలకాయ ఊపుదును. చూసే జనానికి నేను నాడి పట్టే వైద్యుని లెక్క కనవడాలె. బొక్కల చిటికెడు మన్ను దొబ్బి, బూటుతోని తొక్కి, బండెక్కుదును.

మా అటెండర్ నా కంటె ఏండ్లు ముందొచ్చినోడు. ఎవరి మొకం మీదనైనా నవ్వుకుంటనే అనేస్తడు. ఒకనాడు నా ఎన్క వచ్చి ఇది చూసి, "ఊకె పొడుస్తవేంది సారు? అన్నం ఉడికిందో లేదో చూస్తున్నవా?" అన్నడు.

"నీకు తెల్వది తియ్యి."

"నాకు తెల్వది. మా ఇంటామెకు ఎరుకే. మాటిమాటికి మూత తీస్తే తిడ్తది."

నేను నవ్వలే. ఇంక లోతుకు గుచ్చిన.

పాతర పెట్టిన మూడు నాలుగు వారాలకు ఎల్లమాస వచ్చింది. మా దిక్కు, కర్ణాటక సరిహద్దు ఊర్లల్ల ఆ అమాసకు జనమంత చేన్లకు పోతరు. పైరు మీదున్న చేను అంటే కడుపుతోని ఉన్న ఆడిమనిషి అని లెక్క. అందుకే రొట్టెలు, బజ్జి, కూరలు, ఇంట్ల ఉన్నదంత వండుకపోయి ముందు చేనుకు పెట్టి, అటెన్క అక్కడనే కూసోని తింటరు. నాకు ఆనాడు సెలవు. ఇంట్లనే ఉన్న. ఆ ఊర్ల ఏం జరిగిందో నాకు తెల్వదు.

మాఘంల ఒకనాడు చెడగొట్టు వాన కొట్టింది. గంట సేపు రాళ్లతోని కొట్టింది. తెల్లారి పోయి చూస్తే పాతర మీది అలుకు అక్కడక్కడ కరిగింది. తొవ్వ దిక్కుది చేతులతోని సదిరి వచ్చిన. ఏం కాదులే అనుకున్న.

ఫాల్గుణం వచ్చింది. ఎండలు ముదురుతున్నయ్. మా పెద్ద సార్, అంటే జిల్లా ఆఫీసర్, తానే వచ్చి పాతర తెరుస్త, ఫోటోలు తీపిచ్చాలె అన్నడు. మర్నాడు వస్తడనంగ, చుట్టుపక్కల సాఫ్ చేపిద్దామని పోయిన. తూర్పు మూలకు పోయిన. అటు ఎప్పుడూ పోలే నేను. చూస్తే ఆ మూల అలుకు రంగు వేరే ఉన్నది. ఎర్రమట్టి. ఎవరో తవ్వి మళ్ల మూసిన్రు.

"అక్క! ఈ మూల ఎవరు తవ్విన్రు?"

ఆమె బర్రెను కడుగుతున్నది. దాసుకోలే, బొంకలే. "మేమే సారు. ఎల్లమాసకు ఒక గంపెడు తీసినం."

"ఎల్లమాసకా?"

"చేనుకు పెట్టినం. ఇది సుత కడుపుతోని ఉన్నదాయె. చేనుకు పెట్టి దీనికి పెట్టకుంటే పాపం గాదా? పిడికెడు చేను మీద చల్లినం, మిగిలింది దీనికేసినం. మళ్ల మూసినం."

"మూసినవా? నువ్వు మూస్తే మూతవడ్తదా?"

"మంచిగనే మూసినం సారు. అత్త దగ్గరుండి మూపిచ్చింది."

"మీ అత్త ఏ కాలేజీల సదివింది?"

ముసలామె అరుగు మీద కూసోని పప్పు చెరుగుతున్నది. చాట ఆగింది. నేను సుత ఆగాల్సింది, ఆగలే. నా గొంతుకు జనం జమైన్రు. పన్నెండిండ్లోళ్లల్ల చానమంది వచ్చిన్రు. నాకు ఇంక జోరెక్కింది.

"ఇరవై రోజులకే తెరిచింది! లోపలంత గాలి సొచ్చి ఉంటది. కుళ్లి ఉంటది. మీ అందరి మేత ఈమె పండుగకు పాయె!" అన్న. అటెన్క ఆమె దిక్కు తిరిగి, ఇప్పటికీ నాకు నాలుక కరుచుకోవాలనిపించే మాట అన్న. "ఇంగ నీకు బర్రె ఎందుకు? రేపు అంగడే గద. తోలుకపో."

వచ్చినోళ్లంత ఆమె దిక్కు చూసిన్రు. ఆ చూపు నేను చూసిన. నిన్నటిదాక ఒక గుంతల కలిసి తొక్కినోళ్లు. ఒకామె అననే అన్నది, "మా నోట్ల మన్ను కొడ్తివి గద అక్క." అక్క చేతుల చెంబు పట్టుకోని గట్లనే నిలవడ్డది.

ఎందుకంత గుస్సా చేసిన అంటే నిజం చెప్త. నాకు బర్రె ఫికర్ కాదు అప్పుడు. పెద్ద సార్ ముందల నా ఇజ్జత్ పోతదన్న భయం. భయపడ్డ మనిషి ఎవర్నో ఒకర్ని తిట్టాలె. తిరిగి అననోళ్లు దొరికితే ఇంక మంచిగ తిడ్తడు. నేను గంతే చేసిన.

తెల్లారి ఎనిమిదిన్నరకు జీపొచ్చింది. పెద్ద సార్ దిగిండు. అటెండర్ పారలు తెచ్చిండు. జీపు ఆగింది తొవ్వ పక్కన, అందుకని అటునుంచే తెరుద్దామన్నరు. మన్ను తీసి, టార్పాలిన్ లేపంగనే గుప్పుమన్నది వాసన. పెద్ద సార్ రుమాలు అడ్డం పెట్టుకున్నడు. నల్లగ, జిగట జిగట, బూజు. జనంల నుంచి అయ్యో అన్న సప్పుడు ఒక్కసారే వచ్చింది.

"నేను చెప్పిన గద సార్!" అన్న. "అటు మూలకు తెరిచిన్రు, గాలి ఇటుదాక వచ్చింది."

అటెండర్ పార పట్టుకోని తూర్పు మూలకు పోయిండు. ఎర్రమట్టి గీకిండు, కింద బూడిద, దాని కింద గట్టిగ కుక్కిన సొప్ప. సొప్ప తీసి, మడిచిన టార్పాలిన్ ఇప్పి, లోపల చెయ్యి పెట్టి పిడికెడు తెచ్చిండు. తెచ్చి నా చేతుల పెట్టిండు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. పొడి పొడిగ ఉన్నది. కొత్త మామిడికాయ ఊరేసిన జాడీ తెరిస్తే వచ్చే పుల్ల వాసన. ముప్పై ఏండ్ల సర్వీసుల గంత మంచి పాతర గడ్డి నేను పట్టుకోలే.

నాకు సమజ్ గాలే. "మరి ఇటు దిక్కు...?"

"ఇటు రా సారు." టార్పాలిన్ కుళ్లిన దిక్కు అంచు ఎండకు లేపి పట్టుకున్నడు. గుండ్రటి బొక్కలు. వేలంత లావు. ఒక దాని పక్కకొకటి, తొవ్వ పొడుగూత. వాటిల నుంచి ఎండ దిగుతున్నది. ప్రతి బొక్క కిందనే కుళ్లు మొదలైంది, వాన నీళ్లు దిగిన జాడ సుత ఉన్నది.

"లెక్కపెట్టు సారు," అన్నడు నెమ్మదిగ. "వారానికొకటి."

నా సలాక బండికి కట్టే ఉన్నది. కడెం మెరుస్తున్నది. ముందుగాల్ల నేను చూసింది ఆ అక్క ఇంటి దిక్కు. కొట్టం ఖాళీగ ఉన్నది.

ముసలామె అరుగు మీదనే ఉన్నది.

"అవ్వ, అక్కేది?"

"అంగడికి పోయింది బిడ్డ," అన్నది ముసలామె. ఆమె మాటల కోపం లేదు. "నువ్వే చెప్తివి గద. నీ మాట ఎప్పుడు కాదన్నది మా కోడలు?"

ఫోన్ కొట్టిన. మోగింది, ఎత్తలే. మళ్ల కొట్టిన, కట్ చేసింది. పెద్ద సార్ "ఏందయ్యా, ఎటు?" అని ఒర్లుతనే ఉన్నడు. "పది నిమిషాలు సార్," అన్న. పది నిమిషాలల్ల అయ్యే పని కాదని నాకెరుకే. బండి తీసిన.

ఆ తొవ్వల నేను ఎప్పుడు గంత తొందరగ పోలే. చిరాగ్‌పల్లి కాడ హైవే ఎక్కినంక లారీల నడుమకెల్లి పోయిన. మనసుల ఒకటే. కడుపుతోని ఉన్న, పాలు లేని బర్రెను ఈ కాలంల ఎవరు కొంటరు? మేపేటోడు కొనడు. కోతకు తీస్కపోయేటోడు కొంటడు. ఆమెకు సుత అది ఎరుకే. ఎరుక ఉండే తోలుకపోయింది.

అంగడిల దుమ్ము, ఒర్లుడు, జనం. వంకర కొమ్మును దేవులాడుకుంట తిరిగిన. అటు మూలకు కనవడ్డది. ఆమె తాడు పట్టుకోని నిలవడ్డది, అదే కొత్త తాడు. ముందల దలాలి, ఇంకొకాయన చేతులు కలిపి, మీద తువాల కప్పుకున్నరు. మా అంగట్లల్ల ధర నోటితోని చెప్పరు. తువాల కింద వేళ్లు పట్టి చెప్తరు. ఆ చేతులు బయటికొచ్చెదాక ఎవ్వరు నడుమ మాట్లాడొద్దు. వచ్చినంక ఇంక మాట మారదు.

"ఆగుండ్రి!" అన్న.

దలాలి కండ్లెర్ర చేసిండు. "బేరం నడుమ రావొద్దు సారు. కాయిదా తెల్వదా?"

"తెల్సు. అయినా ఆగుండ్రి." ఆ తువాల మీద చెయ్యి పెట్టిన. అట్ల పెడ్తే కొట్టేటోళ్లు సుత ఉంటరు. పెట్టే పట్టుకున్న, తియ్యలే. "అక్క, నీ మూల ఖరాబు గాలే. బంగారం లెక్కున్నది. ఖరాబైంది నా దిక్కు. నా సలాక బొక్కలతోని కుళ్లింది. తప్పు నాది."

ఆమె మొకంల ఏం మారలే. నేను అనుకున్న, ఏడుస్తదేమో, తిడ్తదేమో అని. ఆమె అడిగింది పని మాట.

"మంచిది ఎంత మిగిలింది?"

"సగం కంటె ఎక్కువనే."

"వానలదాక వస్తదా?"

మళ్ల జబాన్ ఇయ్యబోయిన. నాలుక కొసదాక వచ్చింది. మింగిన.

"ఊకె పెడ్తే రాదు. జొన్న సొప్ప ముక్కలు కొట్టి, కంది పొట్టు కలిపి, పాతర గడ్డి దాంట్ల సగం కంటె తక్కువ ఏసి, గంప లెక్కన పెడ్తే రావొచ్చు. పొద్దుగాల రోజు వచ్చి నేనే కలుపుత. వానలు ఆలిశెమైతే మాత్రం చెప్పలేను."

ఆమె దలాలి దిక్కు తిరిగింది. "చేతులు తీయుండ్రి. అమ్మను."

దలాలి నన్ను తిట్టిన తిట్లు ఈడ చెప్పలేను. న్యాయమే, పడ్డ. ఆయనకు ఛాయ్ తాపిచ్చి, ట్రాలీ ఆటో మాట్లాడి, బర్రెను ఎక్కిచ్చిన. ఎక్కిస్తుంటే అన్న, "అక్క, నన్ను మాఫ్ చెయ్యి. నిన్న నోరు జారిన."

అప్పుడు కోపమొచ్చింది ఆమెకు. అప్పటిదాక ఆపుకున్నదంత వచ్చింది.

"ఈడ మాఫ్ చేస్తే ఎవరికి తెలుస్తది సారు? ఈడ ఎవరున్నరు, బర్రెలా? నిన్న నన్ను తిట్టినప్పుడు పన్నెండిండ్లోళ్లుండె. నోట్ల మన్ను కొట్టినవ్ అన్నరు నన్ను. మా అత్తను ఏ కాలేజీ అన్నవ్. రాత్రి అన్నం తినలే ముసల్ది. ఏడ అన్నవో ఆడ చెప్పు. నాకు చెప్పకు."

"చెప్త."

"పెద్ద సార్ ఉంటడు."

"ఉండనీ."

చెప్పుడైతే అల్కగ చెప్పిన. ట్రాలీ ఆటో ఎన్క బండి మీద పోవుకుంట, ఆ వంకర కొమ్ము దిక్కు చూసుకుంట, ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని వందసార్లు అనుకున్న.

మేము పోయేసరికి పెద్ద సార్ వేపచెట్టు కింద కుర్చీల కూసున్నడు, మొకం కందగడ్డ లెక్క. నన్ను పక్కకు పిలిచిండు. ఆయన మంచోడే. "సగం కంటె మంచిగనే ఉన్నది గదయ్యా," అన్నడు మెల్లగ. "రిపోర్ట్‌ల ఎలుకలు బొక్కలు చేసినయ్ అని రాద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండది."

ఒక్క నిమిషం నాకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, మస్తు ఆశ పుట్టింది. ఎలుకలేమన్న వచ్చి సాక్ష్యం చెప్తయా? గని అక్క ఆటోలకెల్లి బర్రెను దింపుకుంట నా దిక్కే చూస్తున్నది.

"ఎలుకలు కాదు సార్," అన్న. "సలాక అని రాయుండ్రి."

సలాక ఇప్పుకొచ్చి అందరి నడుమ నిలవడ్డ. అటెన్క చెప్పిన. "నిన్న ఈ అక్కను అన్న మాటలన్ని తప్పు. పాతర ఈమె ఖరాబు చెయ్యలే. నేను చేసిన, గీ సలాకతోని. మిమ్మల ముట్టద్దని చెప్పి నేనే వారం వారం పొడిసిన. ఈమె ఒక్కసారి తెరిచి మంచిగ మూసింది. నాకు మూసుడు రాలే." అటెన్క ముసలామె దిక్కు తిరిగిన. "అవ్వ, నిన్న నిన్ను సుత అన్న. ఎట్ల మూసినవో నాకు చెప్పు."

ముసలామె చాట పక్కకు పెట్టింది. "చెప్పనీకె ఏమున్నది బిడ్డ. తీసిన కాడ ఖాళీ ఉంచొద్దు, సొప్ప కుక్కాలె. సందులకు బూడిద పొయ్యాలె. మట్టి తొక్కి అలకాలె. అలికినంక ఎండకు పర్రెలిస్తది గద, వారం వారం మళ్ల అలకాలె. అలుకుతనే ఉన్నది నా కోడలు, నువ్వు పొడుసుడు మానలే గని." జనం నవ్విన్రు. నేను సుత నవ్విన, కండ్లల్ల నీళ్లతోని.

ముందురోజు "మన్ను కొడ్తివి" అన్నామె వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నది. ఏం మాట్లాడుకున్నరో నాకు ఇనవడలే.

నాకు మెమో వచ్చింది. నా సర్వీసు ఫైల్ల ఇప్పటికీ ఉంటది, కావాలంటే చూసుకోండ్రి. ఇన్నేండ్ల కాయిదాలల్ల నిజం రాసి ఉన్న కాయిదం అదొక్కటే అని మా అటెండర్ ఎక్కిరిస్తుండె.

కుళ్లిందంత ఎత్తి పెంటకుప్పల ఏసినం. ముసలామె చెప్పినట్టే ఆ దిక్కు మూసి, తూర్పు మూల నుంచి తియ్యవడ్తిమి. పొద్దుగాల ఆరింటికల్ల పోదును. మిషన్ల సొప్ప కొట్టుడు, కంది పొట్టు కలుపుడు, గంప లెక్క పంచుడు, మళ్ల మూసుడు. ఆదివారం లేదు, పండుగ లేదు. మా ఇంటామె "ఆ పాతరనే పెండ్లి చేసుకోరాదు" అన్నది. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. పన్నెండిండ్లల్ల ఒక్క పశువు సుత అంగడికి పోలే. రోహిణిల అక్క బర్రె ఈనింది. ఆడ దుడ్డె. పాలు మళ్ల హోటల్‌కు పోవుడు షురువైంది. చివరి గంప ఎత్తిననాడు మొగులు లేదు. నాలుగు రోజులు ఉత్త సొప్ప మీదనే నెట్టినం. ఐదో రోజు పడ్డది వాన. ఆ వానల నేను, అటెండర్ ఖాళీ పాతర అంచు మీద నిలవడి తడిసినం, ఇంటికి పోవాలన్న సోయి సుత లేకుండె.

ఒకటి చెప్పుడు మరిసిన. ఆనాడు అందరి ముందల మాట్లాడుడు అయినంక అక్క నా చేతులకెల్లి సలాక గుంజుకున్నది. అటు ఇటు తిప్పి చూసింది. "మంచి ఇనుము," అన్నది. కొట్టంలకు తీస్కపోయి, బండరాయితోని కొట్టి కొట్టి, కడెం ఒక్కటి పైకి ఉండేటట్టు భూమిలకు దింపింది. ఆ కడేనికి బర్రెను కట్టేసింది. కొత్త తాడు చక్కగ సరిపోయింది.

నేను రిటైర్ అయినంక సుత ఆ ఊరికి పోతుంట. ముసలామె ఇప్పుడు లేదు. బర్రె సుత ముసల్దై సచ్చిపోయింది. ఆనాడు పుట్టిన దుడ్డె ఇప్పుడు నాలుగీతల బర్రె, అదే కడేనికి కట్టేసి ఉంటది. తాడు రాసి రాసి ఆ ఇనుము తళతళ మెరుస్తది. ఇంటెనక ప్రతి ఏడు పాతర పెడ్తరు, మూసేది అక్కనే. మొన్న పోయిననాడు ఊరుతున్న పాతర చూసొస్త అన్న. ఆమె పాలు పిండుకుంట, తలకాయ ఎత్తకుంటనే అన్నది.

"పో సారు, గని చేతులు ఎన్కకు కట్టుకోని పో."

కట్టుకోని పోయిన.